అదుపు తప్పిన షుగరు, పెరిగిన బరువు: అమెరికాలో మళ్లీ ఎక్కడ మొదలుపెట్టాలి?

ఇండియాలో ఉన్నంతకాలం షుగరు అదుపులోనే ఉండేదని, అమెరికాకు వచ్చిన ఏడాది రెండేళ్లలో బరువు పెరిగి, రక్తపరీక్షలో సగటు షుగరును చూపే ఏ1సీ అంకె ఎనిమిదో తొమ్మిదో దాటిందని, ఇప్పుడు మళ్లీ ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదని కొత్తగా వచ్చినవారు తరచుగా అడుగుతూ ఉంటారు. చాలాకాలంగా డాలస్ ప్రాంతంలో స్థిరపడినవాణ్ణి, స్వయంగా షుగరు మాత్రలు వేసుకుంటున్నవాణ్ణి కాబట్టి ఇక్కడి పద్ధతుల గురించీ, మన తిండి గురించీ నాకు తెలిసినది చెబుతాను. నేను డాక్టరును కాను. మందు మార్చడం, మోతాదు నిర్ణయించడం మీ డాక్టరు పని.

పథ్యం చెడినందువల్ల జరిగే నష్టం కంటే, చెడిన తరువాత పరీక్ష చేయించుకోకుండా గడిపే నెలల వల్ల జరిగే నష్టం ఎక్కువని నా గట్టి అభిప్రాయం. కాస్త బరువు తగ్గాక డాక్టరు దగ్గరికి వెళదామని, దసరా దీపావళి వెళ్లాక మొదలుపెడదామని, కొత్త సంవత్సరం రానిద్దామని వాయిదా వేస్తూ ఉండగానే ఏడాది గడిచిపోతుంది. ఈ వాయిదాలకు మూలం చాలాసార్లు బద్ధకం కాదు, సిగ్గు. అందుచేత ఈ వారంలోనే, ఇప్పుడున్న బరువుతో, ఇప్పుడు తింటున్న తిండితోనే రక్తపరీక్షకు వెళ్లండి. ఏ1సీ గడచిన రెండు మూడు నెలల సగటును చూపుతుంది కనుక, పరీక్షకు ముందు రెండు రోజులు అన్నం మానేసినంత మాత్రాన అది మారదు; సిద్ధపడి వెళ్లవలసినదేమీ లేదు.

ఏ1సీ 5.7 లోపు ఉంటే మామూలు, 5.7 నుంచి 6.4 వరకు షుగరు వచ్చే ముందు దశ, 6.5 గానీ అంతకు మించి గానీ ఉంటే షుగరు వ్యాధి. వ్యాధి ఉన్న పెద్దవారిలో ఎక్కువమందికి డాక్టర్లు పెట్టే లక్ష్యం 7 లోపు. ఏ1సీ 7 అంటే సగటు షుగరు 154, 8 అంటే 183, 9 అంటే 212 అని గుర్తుపెట్టుకుంటే, ఇంట్లో మీటరులో కనిపించే అంకెలకూ దీనికీ ఉన్న సంబంధం అర్థమవుతుంది. విపరీతమైన దాహం, మాటిమాటికీ మూత్రానికి వెళ్లవలసి రావడం, ప్రయత్నం లేకుండానే బరువు తగ్గిపోవడం ఉంటే మాత్రం, బరువు తగ్గుతోందని సంతోషించి ఊరుకోకుండా వెంటనే డాక్టరును కలవాలి. వీటితో పాటు వాంతులు, ఆయాసం కూడా ఉంటే నేరుగా ఎమర్జెన్సీకి వెళ్లాలి.

కొత్తవారికి అదుపు తప్పడానికి తిండి ఎంత కారణమో, మాత్రలు అయిపోవడం కూడా అంతే కారణమని నేను గమనించాను. ఊరి నుంచి తెచ్చుకున్న మాత్రలు నిండుకునే సమయానికి ఇక్కడ డాక్టరు కుదిరి ఉండడు. ఇండియా డాక్టరు రాసిన చీటీకి ఇక్కడి ఫార్మసీ మందు ఇవ్వదు. తీరా అపాయింట్‌మెంట్ దొరికాక, మనం వాడుతున్న మాత్ర పేరు ఇక్కడి డాక్టరు ఎన్నడూ విని ఉండడు. మన దగ్గర విరివిగా రాసే విల్డాగ్లిప్టిన్, టెనెలిగ్లిప్టిన్, గ్లిక్లజైడ్, వోగ్లిబోస్ అమెరికాలో దొరకవు. మొదటి రెండింటి కోవకే చెందిన సిటాగ్లిప్టిన్, లినాగ్లిప్టిన్ దొరుకుతాయి. గ్లిక్లజైడ్ తరహాలోనే గ్లిమిపిరైడ్, గ్లిపిజైడ్ ఉన్నాయి. మెట్‌ఫార్మిన్ అన్నిచోట్లా ఉంటుంది. కాబట్టి బయలుదేరే ముందే మూడు నెలలకు సరిపడా మందులను అసలు పెట్టెలతో, డాక్టరు చీటీతో సహా చేతిసంచిలో పెట్టుకోండి. మాత్ర అట్ట మీద కంపెనీ పెట్టిన పేరు కాక, కింద చిన్న అక్షరాల్లో ఉండే అసలు మందుల పేర్లు, వాటి మిల్లీగ్రాములు ఒక కాగితం మీద రాసుకోండి. మన మాత్రలు చాలావరకు రెండు మూడు మందులు కలిపినవి కనుక, ఆ కాగితం లేకపోతే ఇక్కడి డాక్టరు అన్నీ మొదటి నుంచి మొదలుపెట్టవలసి వస్తుంది. వచ్చిన నెలలోనే ప్రైమరీ కేర్ డాక్టరును, అంటే ఏ జబ్బుకైనా మొదట చూపించుకునే మామూలు డాక్టరును కుదుర్చుకోండి. షుగరు స్పెషలిస్టు అపాయింట్‌మెంటుకు నెలలు పట్టవచ్చు. మొదట్లో చాలామందికి ప్రైమరీ కేర్ డాక్టరే సరిపోతారు.

ఇన్సూరెన్స్ విషయంలో ఒక్క తేడా తెలుసుకుంటే చాలు. ఏడాదికొకసారి జరిగే ఉచిత ఆరోగ్య పరీక్ష వేరు, ఉన్న వ్యాధికి చూపించుకోవడం వేరు. ఉచిత పరీక్షకు వెళ్లి షుగరు గురించి మాట్లాడితే దానికి విడిగా బిల్లు రావచ్చు, అది డిడక్టిబుల్‌లోకి, అంటే ఇన్సూరెన్స్ చెల్లించడం మొదలుపెట్టే లోపు మనమే పెట్టుకోవలసిన మొత్తంలోకి పోవచ్చు. ఆ బిల్లు చూసి ఇక డాక్టరు దగ్గరికే వెళ్లకూడదని నిశ్చయించుకున్నవారు నాకు తెలుసు. దయచేసి ఆ పని చేయవద్దు. ఉద్యోగంలో హెచ్‌ఎస్‌ఏ (వైద్య ఖర్చులకు పన్ను లేకుండా దాచుకునే ఖాతా) ఉంటే ఈ ఖర్చు అందులోంచి పెట్టుకోవచ్చు, రక్తపరీక్షను మీ ఇన్సూరెన్స్ నెట్‌వర్క్‌లో ఉన్న ల్యాబులోనే చేయించుకుంటే ఖర్చు బాగా తగ్గుతుంది, మెట్‌ఫార్మిన్ ఇన్సూరెన్స్ లేకుండా కొన్నా కొద్ది డాలర్లే. ఇన్సూరెన్స్ సరిగా లేని విద్యార్థులకు, డిపెండెంట్లకు కమ్యూనిటీ హెల్త్ సెంటర్లు ఉన్నాయి. అక్కడ ఆదాయాన్ని బట్టి ఫీజు తీసుకుంటారు.

బరువు ఎంత తగ్గాలన్న ప్రశ్నకు చాలామంది ఇరవై కిలోలు, పెళ్లినాటి బరువు అంటూ పెద్ద లక్ష్యం పెట్టుకుని రెండు నెలల్లో విసిగిపోతారు. 2002లో వెలువడిన అమెరికా డయాబెటిస్ ప్రివెన్షన్ ప్రోగ్రామ్ ఫలితాల్లో, శరీర బరువులో 7 శాతం తగ్గడం, వారానికి 150 నిమిషాల నడక అనే రెండు లక్ష్యాలు పెట్టుకున్నవారికి ముందు దశ నుంచి షుగరు వ్యాధికి మారే ప్రమాదం 58 శాతం తగ్గింది. మెట్‌ఫార్మిన్ వాడినవారికి 31 శాతం తగ్గింది. ఎనభై కిలోల మనిషికి 7 శాతమంటే ఐదున్నర కిలోల పైచిలుకు మాత్రమే. చెన్నైలో డాక్టర్ రామచంద్రన్ బృందం మనవారి మీదే జరిపి 2006లో ప్రకటించిన అధ్యయనంలోనూ, తిండి, వ్యాయామం మార్చుకున్నవారికి ప్రమాదం సుమారు 28 శాతం తగ్గింది. మనకు పొట్ట దగ్గర కొవ్వు తొందరగా చేరుతుంది కనుక, ఆసియా వారికి బీఎమ్‌ఐ (ఎత్తును బట్టి బరువును అంచనా వేసే అంకె) 23 చేరితే చాలు, షుగరు పరీక్ష చేయాలని అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ చెబుతోంది. ఐదడుగుల ఏడంగుళాల మనిషికి అది 67 కిలోల లోపే వస్తుంది. ఇక్కడివారితో పోల్చుకుని సన్నగానే ఉన్నామని ధీమాగా ఉండవద్దు.

ఇక అన్నం సంగతి. మన భోజనంలో పప్పన్నం, కూరన్నం, చారన్నం, పెరుగన్నం అని నాలుగు వరుసలున్నాయి. ప్రతి వరుసకూ అన్నం వడ్డించుకోవడం మనకు అలవాటు. రైస్ కుక్కరుతో వచ్చే చిన్న కప్పుతో ఒక కప్పు బియ్యం కొలిస్తే దాదాపు 150 గ్రాములు; అందులో పిండిపదార్థం సుమారు 115 నుంచి 120 గ్రాములు. ఇద్దరుండే ఇంట్లో పూటకు రెండు కప్పులు పోస్తే, తలా ఒక కప్పు బియ్యం తిన్నట్టే. ఇక్కడ చేయవలసింది అన్నం మానేయడమని నేను అనుకోను, ఎందుకంటే మానేసినవారిలో ఎక్కువమంది కొన్నాళ్లకు మునుపటి కంటే ఎక్కువ తింటూ కనిపించారు. మా ఇంట్లో ఇద్దరికీ కలిపి పూటకు ఒక కప్పు బియ్యమే కుక్కరులో పడుతుంది; వండినదే తక్కువైనప్పుడు పళ్లెం దగ్గర మనసుతో పోరాడవలసిన పని ఉండదు. భోజనానికి కూర్చోగానే ముందు ఒక గిన్నెడు కూర, పప్పు లేదా గుడ్డు, చేప, కోడి తిని ఆ తరువాత అన్నం కలుపుకుంటాము. దొండకాయ, బీరకాయ, సొరకాయ, బెండకాయ, చిక్కుడు, తోటకూర ఇక్కడి ఇండియన్ స్టోర్లలో దొరుకుతూనే ఉంటాయి. పెరుగు తీపి కలపని గ్రీకు రకమైతే అందులో మాంసకృత్తులు ఎక్కువ. కాస్త నీరు కలిపి చిలికితే మజ్జిగకూ బాగానే ఉంటుంది.

అన్నానికి బదులు కొర్రలు, సామలు, రాగులు మొదలుపెట్టినవారు వాటిలోనూ పిండిపదార్థం దాదాపు బియ్యమంత ఉంటుందని మరిచిపోకూడదు. పీచు ఎక్కువ కనుక కొంత మేలే గానీ, మంచివి కదా అని రెండింతలు తింటే ఆ మేలు ఉండదు. రాగి జావ పిండితో చేసేది, తాగేది కనుక షుగరును త్వరగానే పెంచుతుంది. ఇడ్లీ, ఉప్మా, అటుకులతో గడిచే ఉదయానికి బదులు పెసరట్టు మంచి ఎంపిక. పెసలలోనే కొన్ని మాంసకృత్తులుంటాయి, ఉల్లిపాయ అల్లం దండిగా వేసుకోవచ్చు, ఉప్మా మాత్రం లోపల పెట్టవద్దు. మీకు ఏది పడుతుందో మీటరే చెబుతుంది: తినే ముందు ఒకసారి, తినడం మొదలుపెట్టిన రెండు గంటలకు ఒకసారి చూసుకుని, తిన్నది పక్కనే రాసుకుంటూ పది పదిహేను భోజనాలు గడిపితే, ఎవరి సలహా కన్నా నమ్మదగిన పట్టిక మీ దగ్గరే తయారవుతుంది. చర్మానికి అతికించుకునే గ్లూకోజ్ సెన్సర్లలో కొన్ని 2024 నుంచి ప్రిస్క్రిప్షన్ లేకుండానే దొరుకుతున్నాయి; ఇన్సులిన్ వాడనివారు రెండు వారాలు పెట్టుకుని చూసినా చాలా నేర్చుకోవచ్చు.

మెంతులు, కాకరకాయ తినండి, తప్పు లేదు. వాటిని నమ్ముకుని మాత్ర ఆపవద్దు.

నడక విషయంలో ఇక్కడి జీవితమే మనకు ఎదురు నిలుస్తుంది. పాలకూ కారే, గుడికీ కారే. రాత్రి భోజనం కాగానే పది పదిహేను నిమిషాలు నడవడం తేలిక, భోజనం తరువాతి షుగరు మీద దాని ప్రభావం కూడా బాగా కనిపిస్తుంది. డాలస్ ఎండల్లో పొద్దు గుంకాకే సాధ్యం. మంచు కురిసే రాష్ట్రాలవారికి మాల్, ట్రెడ్‌మిల్ లేదా అపార్ట్‌మెంట్ మెట్లు. వారానికి రెండు సార్లు బరువులెత్తడమో, కుర్చీలోంచి లేచి కూర్చోవడం, గోడకు చేతులానించి తోయడం వంటివో కూడా చేయండి. తిన్న గ్లూకోజును ఎక్కువగా వాడుకునేది కండరమే.

ఓజెంపిక్, మౌంజారో ఇంజెక్షన్ల గురించి అందరూ అడుగుతారు. ఇవి నిజంగా పనిచేసే మందులు; వీటిని వాడటం చేతకానితనమని అనుకునేవారి మాట పట్టించుకోవద్దు. షుగరు వ్యాధి ఉన్నవారికి ఇన్సూరెన్స్ ముందస్తు అనుమతితో తరచుగా ఇస్తుంది, బరువు కోసమే అయితే చాలా ప్లాన్లు ఇవ్వవు. వికారం, మలబద్ధకం ఉండవచ్చు; కొవ్వుతో పాటు కండ కూడా తగ్గుతుంది కనుక మాంసకృత్తులు, బరువుల వ్యాయామం తప్పనిసరి; ఆపేస్తే బరువు తిరిగి రావడం సాధారణం. మీకు గానీ మీ రక్తసంబంధీకుల్లో ఎవరికైనా గానీ మెడులరీ రకం థైరాయిడ్ క్యాన్సర్ ఉంటే, లేదా మీరు గర్భం కోసం ప్రయత్నిస్తుంటే ఆ సంగతి డాక్టరుకు ముందే చెప్పాలి.

వారాంతపు పాట్‌లక్‌లలో, ఊరి నుంచి వచ్చిన సున్నుండలు, పూతరేకుల దగ్గర తప్పుతాం. అది సహజం. ఒక పూట తప్పితే తరువాతి పూట మామూలు భోజనమే తినండి. ఉపవాసంతో సరిచేయాలని చూడవద్దు. ముఖ్యంగా గ్లిమిపిరైడ్, గ్లిపిజైడ్ లేదా ఇన్సులిన్ వాడేవారు కార్తీక సోమవారం, ఏకాదశి, శివరాత్రి ఉపవాసాలకు ముందు మోతాదు గురించి డాక్టరును అడిగి తీరాలి. చెమటలు, వణుకు, కళ్లు తిరగడం ఉండి షుగరు 70 కన్నా తగ్గితే వెంటనే 15 గ్రాముల గ్లూకోజు, అంటే మూడు నాలుగు గ్లూకోజ్ మాత్రలు లేదా అరకప్పు పళ్లరసం తీసుకుని, పదిహేను నిమిషాలకు మళ్లీ చూసుకోవాలి. ఆ మాత్రలు కారులోనూ ఉండాలి, ఎందుకంటే ఇక్కడ దారిలో దిగి టీ కొట్టు వెతుక్కునే వీలుండదు.

ఏ1సీతో పాటు ఏడాదికొకసారి మూత్రపిండాల స్థితి తెలిపే మూత్రంలో ఆల్బుమిన్, రక్తంలో క్రియాటినిన్ పరీక్షలు, పాదాల పరీక్ష, కంటి రెటీనా పరీక్ష ఉండాలి. రెటీనా పరీక్ష కళ్లద్దాల విజన్ ప్లాన్ కిందికి కాక మామూలు మెడికల్ ఇన్సూరెన్స్ కిందికి వస్తుందని చాలామందికి తెలియక వదిలేస్తారు. శాకాహారులు ఏళ్ల తరబడి మెట్‌ఫార్మిన్ వాడుతుంటే బీ12 చూపించుకోవాలి. అరికాళ్ల తిమ్మిరి షుగరు వల్లనే అనుకుంటే కొన్నిసార్లు అది బీ12 లోపమై ఉంటుంది. గర్భవతిగా ఉన్నప్పుడు షుగరు వచ్చి కాన్పు తరువాత తగ్గిన ఆడపడుచులు, బిడ్డ పనుల్లో పడి తమ సంగతి మరిచిపోతారు. వారు కాన్పైన 4 నుంచి 12 వారాల మధ్య ఒకసారి, ఆ తరువాత ఏడాది నుంచి మూడేళ్లకొకసారి జీవితాంతం పరీక్ష చేయించుకోవలసిందే; ఆ అపాయింట్‌మెంట్ పెట్టించే బాధ్యత, ఆ గంటసేపు బిడ్డను చూసుకునే బాధ్యత భర్త తీసుకోవాలి.