సుంకి ఘాటీ దిగేముందు

చిట్టితల్లీ,

దీవెనలు. దసరా వెళ్ళిన మంగళవారం పైడితల్లమ్మ సిరిమానుకి జయపురం నుంచి విజయనగరం దాకా ఆ జీపు నువ్వే నడుపుకుంటూ వెళ్తానన్నావట. మీ నాన్న ఫోన్లో చెప్పాడు. రాత్రి నాకు నిద్ర పట్టలేదు. పాత ఇనుము కింద పోవాల్సిన సీజే త్రీబీ జీపుని నట్టు నట్టూ విప్పి మళ్ళీ నిలబెట్టావు. మన ఇంట్లో మగపిల్లలెవరూ చెయ్యలేదా పని. వీధిలో కనబడిన ప్రతివాడికీ చెప్పుకున్నాను. కానీ షెడ్డులో స్టార్టయిన బండి వేరు, దారిలో సుంకి ఘాటీ కొండవాలు దిగే బండి వేరు.

చిన్న పనులు ముందు చెప్పేస్తాను. ఇంజన్ ఆయిల్ మొదటి 500 కిలోమీటర్లకే మార్చెయ్. కమాన్ కట్టల యూ బోల్టులు, వీల్ నట్లు కొంత తిరిగాక మళ్ళీ బిగించు. తారు రోడ్డు మీద ఫోర్ వీల్ వెయ్యకు, ముందు వెనక చక్రాలకి పవరు పంచే ట్రాన్స్‌ఫర్ కేసు బిగుసుకుపోతుంది. హెడ్‌లైట్లు మసగ్గా వెలుగుతున్నాయనీ, సెల్ఫు బద్ధకంగా తిరుగుతోందనీ అన్నావట. అప్పుడే డైనమో విప్పకు. పెయింటు వేసినవాళ్ళు బాటరీ ఎర్తు వైరు కూర్చునే చోట కూడా వేసేసి ఉంటారు. ఛాసిస్ మీద అక్కడ ఇనుము మెరిసేదాకా ఎమరీ కాగితంతో గీకి, వైరు బిగించి చూడు. నడుస్తూ నడుస్తూ ఆగిపోయి, కాసేపటికి మళ్ళీ స్టార్టవుతోందంటే ముందు టాంకులో తుప్పు చూడు. ఆ పొట్టు ఫిల్టరుకి అడ్డం పడుతుంది.

కాగితాల సంగతి. బండికి 50 ఏళ్ళు దాటాయి కదా అని ఎవరో పాతకాలపు బండ్లకిచ్చే వింటేజ్ నంబరు పెట్టించమన్నారట. వద్దు. 2021లో వచ్చిన నియమాల ప్రకారం ఆ నంబరున్న బండిని ప్రదర్శనలకీ ర్యాలీలకీ తియ్యాలి తప్ప మామూలుగా రోడ్డు మీద తిప్పకూడదు. ఫిట్‌నెస్ చేయించి 5 ఏళ్ళకి ఆర్సీ రెన్యువల్ చేయించుకో.

ఇక బ్రేకులు. మీ నాన్న ఈ సంగతి నీకు చెప్పి ఉండడు. ఇప్పటి 26 నంబరు జాతీయ రహదారిని 43 అనే రోజులవి, నువ్వింకా పుట్టలేదు. మాకూ ఇలాంటి జీపే ఉండేది. పెట్రోలు కలిసొస్తుందని మీ నాన్న పొట్టంగి దాటి వాలు తగలగానే గేరు తీసి న్యూట్రల్లో వదిలేవాడు. ఎన్నిసార్లు కసిరినా వినలేదు. ఆ రోజు నేను పక్క సీటులో ఉన్నాను. మలుపు మలుపుకీ బ్రేకు తొక్కుతుంటే బ్రేకు లైనింగు మాడిన వాసన మొదలైంది. "ఆపరా" అన్నాను. "కిందికెళ్ళి ఆపుతాన్లే" అన్నాడు. తర్వాతి మలుపులో ముందు చక్రం దగ్గర బ్రేకు ఆయిల్ హోసు పైపు పగిలింది. ఆ బండికి నాలుగు చక్రాలకీ కలిపి ఒకటే లైను. ఒక్కచోట పోతే నాలుగూ పోయినట్టే. పెడల్ ఫ్లోరుకి తగిలేసింది. ఫస్టులో వెయ్యబోయాడు. దానికి సింక్రో, అంటే నడుస్తుండగా గేరు సాఫీగా పడే ఏర్పాటు, లేదు కదమ్మా, పరిగెడుతున్న బండికి పడదు. పళ్ళు కరకరలాడాయి అంతే. హ్యాండ్ బ్రేకు లాగితే పొగొచ్చింది తప్ప బండి ఆగలేదు. ఎడమచేతి వైపు లోయ. వాడు కుడివైపుకి, కొండ పక్క కాలువలోకి తిప్పేశాడు. రాతికి గీసుకుంటూ, ఊగుతూ ఆగింది. మీ నాన్న మోకాలి మీద మచ్చ చిన్నప్పుడు చెట్టెక్కి పడితే వచ్చిందని నీకు చెప్పాడు కదూ? అది ఆ రోజుది. ఇంటికొచ్చాక చెంప ఛెళ్ళుమనిపించాను. ఆ వెంటనే పట్టుకుని ఏడ్చాను.

అందుకే హోసు పైపులు ముందువీ వెనకవీ అన్నీ కొత్తవి వెయ్యి. పాత రబ్బరు పైకి నిగనిగలాడుతున్నా లోపల ఉబ్బి పూడుకుపోతుంది. అప్పుడు బ్రేకు వదిలినా చక్రం పట్టేసే ఉంటుంది. డబ్బా అడుగున మిగిలిన బ్రేకు ఆయిల్ పొయ్యకు. అది గాలిలో చెమ్మ పీల్చుకుంటుంది, డ్రమ్ములు వేడెక్కితే ఆ నీరు ఆవిరైపోయి కాలు ఊరికే దిగిపోతుంది. సీలు తియ్యని డబ్బా కొను. బ్రేకు లైన్లో ఎయిర్ తీసేటప్పుడు, పెడల్ తొక్కితే ఆయిల్ని తోసే మాస్టర్ సిలిండర్‌కి అన్నిటికంటే దూరంగా ఉన్న చక్రంతో మొదలుపెట్టు.

హ్యాండ్ బ్రేకుని నమ్ముకోకు. అది వెనక షాఫ్టుని పట్టుకుంటుంది కానీ చక్రాలని కాదు. వెనక ఒక చక్రం జాకీ మీద లేపావంటే బండి కదిలిపోతుంది. చక్రాలకి అడ్డం పెట్టే రెండు చెక్క మోపులు బండిలో ఎప్పుడూ ఉండాలి. వాలు మొదలవకముందే సెకండులో వేసి, ఇంజన్ పట్టు మీద దిగు. వాగులో దిగి వస్తే కాసేపు బ్రేకు మీద కాలు తేలిగ్గా ఆనించి నడుపు, బ్రేకు షూలు ఆరతాయి.

ముందు బొరిగుమ్మ వైపు చదును రోడ్డు మీద కొన్నాళ్ళు తిప్పు. సిరిమానుకి ముందు రోజు మధ్యాహ్నానికే సిమిలిగుడ వచ్చెయ్. మీ పెద్దమ్మ నీకిష్టమైన చేపల పులుసు పెడుతుంది. వెలుతురుండగానే నాలుగు డ్రమ్ములూ విప్పి చూద్దాం. తర్వాత బ్రేకు పెడల్ గట్టిగా తొక్కి ఒక నిమిషం అలాగే పట్టుకో. కొంచెం కిందికి జారినా సరే, బండి మా వాకిట్లో ఉంటుంది, నువ్వూ నేనూ బస్సులో వెళ్దాం. అమ్మవారు ఏమీ అనుకోదు.

మీ పెదనాన్న