పదానికి ఇంత అని రాసే చేతికి

చిక్కడపల్లి, హైదరాబాద్

బిడ్డా,

నీ కథ మూడుసార్లు చదివాను. మొదటిసారి చిరాకు పడ్డాను. రెండోసారి ఎర్ర పెన్ను పట్టుకుని కూర్చున్నాను. మూడోసారి పదకొండో పేజీ దగ్గర పెన్ను మూసేశాను. ఆ పూట ఇంకేమీ చదవబుద్ధి కాలేదు.

ఆ పేజీలో, పింఛను రోజు మీ అమ్మ వేలిముద్రల మిషన్ మీద వేలు పెడుతుంది. పడదు. చీర కొంగుకు తుడుచుకుని ఇంకో వేలు పెడుతుంది. పడదు. బీడీలకు తునికాకు చుట్టీ చుట్టీ గీతలన్నీ అరిగిపోయాయి. వెనక లైన్లో వాళ్ళు గొణుగుతుంటారు. పది వేళ్ళూ అయిపోయాక నీ వైపు తిరిగి, "నా ఏలు పడ్తలేదు బిడ్డా" అంటుంది. బాగా రాశావు.

మరి ఆ వెంటనే ఉన్న పేరా ఏమిటి? "వేలిముద్రల ధ్రువీకరణ ప్రక్రియ విఫలం కావడం జరిగింది. దీని కారణంగా ఆమె యొక్క మనసు తీవ్రమైన ఆవేదనకు గురి కావడం జరిగింది." ఇది రాసింది ఎవరు? పై పేరా రాసిన చెయ్యేనా?

జవాబు నీ ఉత్తరంలోనే దొరికింది. పొద్దంతా ఒక ఏజెన్సీకి అనువాదాలు, పదానికి 60 పైసలు. రాత్రి ఒక ఆడియో యాప్‌కు సీరియల్, ఎపిసోడ్‌కు ఇంత. అవి పోగా మిగిలిన టైంలో నీ సొంత రాత, రోజుకు వెయ్యి పదాలు టార్గెట్. "డబ్బు కోసం రాసేది వేరు, కళ కోసం రాసేది వేరు సార్, రెండూ కలవకుండా జాగ్రత్త పడుతున్నాను" అన్నావు. కలిసిపోయాయి బిడ్డా. నీకు తెలియకుండానే కలిసిపోయాయి. ఎక్కడ కలిశాయో చెప్పడానికే ఇంత పొడుగు ఉత్తరం రాస్తున్నాను.

1990ల మొదట్లో నేను హన్మకొండ నుంచి వచ్చి ఇక్కడ ఒక డీటీపీ సెంటర్లో ప్రూఫులు దిద్దేవాణ్ణి. మందుల డబ్బాల్లో పెట్టే కాగితాలు తెలుగులోకి మార్చే పని కూడా అక్కడికే వచ్చేది. ఓనరు పదాలు లెక్కపెట్టి డబ్బులిచ్చేవాడు. ఒకరోజు నేను "పిల్లలకు అందకుండా ఉంచండి" అని రాసి ఇచ్చాను. మూడు పదాలు. ఇంగ్లీషులో అదే మాటకు ఏడు పదాలున్నాయి. పక్క సీటాయన నా కాగితం లాక్కుని దిద్దాడు: "పిల్లల యొక్క అందుబాటులో లేకుండా ఉండేటట్లుగా ఉంచవలెను." ఆరు పదాలు. "ఇట్ల రాస్తే డబుల్ వస్తయి తమ్మీ" అన్నాడు. ఆయన చెడ్డవాడు కాదు. ఇంట్లో నలుగురు పిల్లలు. నాకూ గది కిరాయి కట్టాలి. ఆ రోజు నుంచి నేనూ అట్లాగే రాశాను. దాదాపు రెండేళ్ళు.

ఆ రెండేళ్ళలో రాసిన కథలు ఇప్పటికీ ట్రంకు పెట్టెలో ఉన్నాయి. తీసి చూస్తే ప్రతి పేజీలోనూ "యొక్క" ఉంది, ప్రతి మనిషికీ ఏదో ఒకటి "జరిగింది". ఒక్కడు కూడా తినలేదు, పడుకోలేదు, ఏడవలేదు. అందరికీ తినడం, పడుకోవడం, ఏడవడం జరిగింది. పగలు డబ్బు కోసం సాగదీసిన చెయ్యి రాత్రి కథ రాసేటప్పుడు ముడుచుకోదు. చేతికి పగలూ రాత్రీ తేడా తెలియదు. అలవాటే తెలుసు.

మన భాష అట్లాంటిది కాదు. ఒక క్రియ పట్టుకుంటే ఎవరు, ఎప్పుడు, చేయగలిగాడా లేదా, అనుమానం, బాధ అన్నీ దాని తోకకే తగిలించుకుంటూ పోవచ్చు. "రాయలేకపోతున్నానేమోననిపిస్తోంది." కంప్యూటర్ దీన్ని ఒకటే పదంగా లెక్కపెడుతుంది. ఇదే మాట ఇంగ్లీషులో అనాలంటే ఏడెనిమిది పదాలైనా పడతాయి. పదానికి 60 పైసలంటే, ఒక్క మాటలో ఒక మనిషి దిగులంతా చెప్పగలిగే భాషకు 60 పైసలే. విరగ్గొట్టి, నీళ్ళు కలిపి, "యొక్క"లు అతికిస్తే నాలుగైదు రూపాయలు. తెలుగు బాగా రాసినవాడికి తక్కువ, పాడుచేసినవాడికి ఎక్కువ. ఈ లెక్క మీద నాకు ముప్పై ఏళ్ళుగా కోపం. నేను చచ్చేదాకా పోదు.

అందుకని మొట్టమొదట ఏజెన్సీ వాళ్ళతో మాట్లాడు. తెలుగు పదాలు లెక్కపెట్టొద్దు, మూలంలో ఉన్న ఇంగ్లీషు పదాలు లెక్కపెట్టమను. లేదా మొత్తం పనికి ఇంత అని ముందే మాట్లాడుకో. అడగడానికి మొహమాట పడకు. చాలామంది అట్లాగే తీసుకుంటున్నారు. నువ్వు క్లుప్తంగా రాసినందుకు నష్టపోని లెక్క ఒకటి కుదిరితే, నీ తెలుగు దానంతటదే సగం బాగుపడుతుంది. అడిగితే పని పోతుందేమో అని టెన్షన్ పడతావు. ఒకటి పోవచ్చు కూడా. పోనీ.

ఈమధ్య మిషన్ చేసిన అనువాదం పంపి, దిద్దిపెట్టు, సగం రేటిస్తాం అంటున్నారని రాశావు. ఆ పనులు వీలైనంత తగ్గించుకో. డబ్బు తక్కువని కాదు. రోజుకు ఎనిమిది గంటలు వంకర వాక్యం చూస్తూ కూర్చుంటే కొన్నాళ్ళకు ఆ వంకర కంటికి ఆనదు. నీ కథలో "ఆమె తన చేతులను కడుగుకుంది" అని ఒక చోట ఉంది. మీ ఊళ్ళో ఎవరైనా అట్లా అంటారా?

ఇక రోజుకు వెయ్యి పదాలు. ఇది ఎవరు మొదలుపెట్టారో గానీ, ఈ ఫ్యాషన్ మీ తరాన్ని తినేస్తోంది. ఛాలెంజులంటారు, నెలలో నవల అంటారు, పొద్దున లేచి ఎన్ని పదాలయ్యాయో అందరికీ చెప్పుకుంటారు. నీ ఉత్తరంలో ఇది రాసిన పేజీలోనే, అమ్మ రోజుకు వెయ్యి బీడీలు చుడుతుందని కూడా రాశావు. రెండు వెయ్యిలు ఒకే పేజీలో ఉన్నాయి, నీ కంటపడలేదు. అమ్మకు వెయ్యికి ఇంత అని కూలి, చుట్టకపోతే ఇల్లు గడవదు. ఆమెకు వేరే దారి లేదు. నీ సొంత కథకు ఆ లెక్క ఎవరు పెట్టారు? ఎవరూ పెట్టలేదు. నువ్వే తెచ్చి నెత్తిన పెట్టుకున్నావు. కథ దగ్గర కూర్చున్నప్పుడు కంప్యూటర్ కింద పదాల లెక్క చూపించే పట్టీ ఉంటుంది చూడు, దాన్ని కనపడకుండా చేసెయ్. ఒక రోజు పదకొండు పదాలు వస్తే పదకొండే.

కడుపు కోసం రాయడం తప్పని నేననడం లేదు. 1950లో "మహాప్రస్థానం" పుస్తకంగా వచ్చింది. అదే ఏడు శ్రీశ్రీ ఒక హిందీ సినిమాకు తెలుగు డబ్బింగ్ రాశారు. ఆ తర్వాత ఎన్నో రాశారు, బతుకుతెరువు కోసమే. కానీ డబ్బింగ్ పని ఎట్లాంటిదో ఆలోచించు. తెరమీద మనిషి పెదవి మూసేలోపు మాట అయిపోవాలి. ఒక్క అక్షరం ఎక్కువైనా తెలిసిపోతుంది. ఆ పని చేతిని బిగిస్తుంది. నీ పని చేతిని వదులు చేస్తోంది. డబ్బు పని ఒప్పుకునే ముందు నేను చూసుకునేది ఇదొక్కటే. నా చేతిని బిగిస్తుందా, వదులు చేస్తుందా? పెళ్ళిపత్రికలు రాశాను, ఎరువుల కంపెనీ కరపత్రాలు రాశాను. నాలుగు లైన్లలో రైతుకు అర్థమయ్యేట్టు చెప్పాల్సిన ఆ కరపత్రాల దగ్గర నేర్చుకున్నంత ఏ సాహిత్య సభలోనూ నేర్చుకోలేదు.

యాప్ వాళ్ళ అగ్రిమెంట్ గురించి అడిగావు. సంతకం పెట్టే ముందు రెండు చోట్ల చూడు: ఎన్నేళ్ళకు రాయించుకుంటున్నారు, ఏయే హక్కులు రాయించుకుంటున్నారు. 1957 నాటి కాపీరైట్ చట్టంలో 19వ సెక్షన్ ఉంది. హక్కుల బదిలీ కాగితం మీద ఉండాలి. ఎన్నేళ్ళకో రాయకపోతే ఐదేళ్ళే అని లెక్క. ఎక్కడెక్కడో రాయకపోతే ఇండియా వరకే. కానీ "శాశ్వతంగా, ప్రపంచమంతటా" అని వాళ్ళు రాసి, నువ్వు సంతకం పెట్టేస్తే ఆ సెక్షన్ నిన్ను కాపాడదు. ఆడియో వరకే ఇవ్వు. పుస్తకం, సినిమా నీ దగ్గరే పెట్టుకో. టీడీఎస్ అని, అంటే ముందే కోసుకునే పన్ను కింద, వాళ్ళు పట్టుకున్నామన్న 10 శాతం నీ పాన్ మీద జమయిందో లేదో ఆదాయపు పన్ను వాళ్ళ వెబ్‌సైట్లో చూసుకో. నీ ఆదాయం పన్ను దాకా రాకపోతే, రిటర్న్ వేస్తే తిరిగొస్తుంది. వదిలెయ్యకు, అది నీ కష్టం.

ఇంకొక సంగతి చెప్పకపోతే ఈ ఉత్తరం పూర్తికాదు. నీ కథలో అమ్మ మొదటి పది పేజీలు పుస్తకాల భాషలో మాట్లాడుతుంది. "నీవు భోజనం చేశావా తల్లీ" అంటుంది. పదకొండో పేజీలో ఒక్కసారి మాత్రం ఆమె నోరు ఆమెకు వచ్చింది. ఎందుకట్లా చేశావో నాకు తెలుసు. ఎడిటర్లకు భయపడ్డావు.

1992లో నా కథ ఒకటి ఒక వారపత్రికలో పడింది. అందులో చావుబతుకుల్లో ఉన్న తండ్రి కూతుర్ని "బిడ్డా" అని పిలుస్తాడు. పత్రిక వచ్చాక చూస్తే ప్రతి చోటా "అమ్మాయీ" అని ఉంది. చివరి పేరా అసలే లేదు, ఆ జాగాలో సబ్బు యాడ్ ఉంది. ఆఫీసుకు పోయి అడిగితే ఎడిటర్ కుర్చీలోంచి లేవకుండానే, "బిడ్డ అంటే పసిపిల్ల కదండీ, పాఠకులు కన్‌ఫ్యూజ్ అవుతారు" అన్నాడు. మా నాయన మా అక్కను పిలిచిన పిలుపు అది. అక్కకు అప్పటికి నలభై ఏళ్ళు. నేనేమీ అనలేక మెట్లు దిగి వచ్చేశాను. ఆ పత్రిక ఇప్పుడు లేదు. నా కోపం ఉంది. నీ కథలో "తల్లీ" చూడగానే ఆ మెట్లు గుర్తొచ్చాయి.

ఇప్పుడు నీకు ఆ ఎడిటర్ అడ్డం లేడు. మీ అమ్మ ఎట్లా మాట్లాడితే అట్లా రాయి. మొదటి పది పేజీలు ఆమెకు చదివి వినిపించు. ఎక్కడ "నేను గట్ల అన్ననా?" అంటుందో అక్కడ గీత పెట్టుకో. తర్వాత "జరిగింది", "యొక్క", "గురి కావడం" వెతికి తీసెయ్. పద్దెనిమిది పేజీలు పన్నెండవుతాయి. కంగారు పడకు.

పదకొండో పేజీలో అమ్మ వేలు పెట్టే పేరా మాత్రం ముట్టుకోకు. ఒక్క అనుమానం మాత్రం ఉంది. కట్టకు ఇరవై ఐదు బీడీలు అమ్మ చూడకుండానే లెక్కపెడుతుందని రాశావు. ఎట్లా? వేళ్ళ సందున పట్టి చూస్తుందా, బరువును బట్టి చెబుతుందా? నువ్వు ఆ ఇంట్లో పుట్టి పెరిగావు, అది రాయలేదు. పక్కన కూర్చుని అడిగి, ఆమె ఏ మాట వాడితే ఆ మాటతోనే రాసి పంపు.

దసరా దాకా ఇక్కడే ఉంటాను.

మీ సార్