హెడ్ అండ్ నెక్ సర్జన్ అవుతానంటున్న మేనకోడలికి

బిడ్డా,

వరంగల్ కాకతీయ మెడికల్ కాలేజీ (కేఎంసీ)లో ఇంటర్న్‌షిప్ కాగానే హెడ్ అండ్ నెక్, అంటే తల, మెడ క్యాన్సర్ సర్జరీ వైపు పోతానన్నావట, మీ అమ్మ ఫోన్ చేసి నేనే నీకు ఎక్కించానని తిట్టింది. సరే. దారి సంగతి రెండు ముక్కల్లో అయిపోతుంది. ఈఎన్‌టీ నుంచైనా రావచ్చు, జనరల్ సర్జరీ నుంచైనా రావచ్చు, పీజీ మూడేళ్లు, ఆపైన సూపర్ స్పెషాలిటీ డిగ్రీ ఎంసీహెచ్ మూడేళ్లు. ఏ సీటు వస్తుందోనని ఇప్పటి నుంచే టెన్షన్ పడకు.

నేను చెప్పేది కేస్ షీట్ గురించి, అదే పేషెంట్ వివరాలు రాసే కాగితం గురించి, నవ్వకు. వరంగల్ ఎంజీఎం ఆసుపత్రి ఓపీలో కూర్చుంటే "పన్ను కదులుతుందని పీకించుకున్న సార్, పుండు మానుతలేదు" అని ఒకాయన వస్తాడు, ఇంకొకాయన కారం నోట్లో పెట్టలేకపోతున్నా అంటాడు. గుట్కానా, అంబర్ పొగాకా, ఎన్నేళ్లుగా, ఏ బుగ్గన పెడతాడు, అన్నీ రాయి. నోరు ఎంత తెరుస్తున్నాడో వేళ్లతో కాదు, స్కేలు పెట్టి మిల్లీమీటర్లలో రాయి. నోటి క్యాన్సర్ స్టేజింగ్‌లో, అంటే జబ్బు ఎంత ముదిరిందో తేల్చే లెక్కలో, కణితి లోతు కూడా 2018 నుంచి లెక్కలోకి వచ్చింది, మరి లోతు రాయని పాత ఫైళ్లు ముందేసుకుని ఏం చేస్తాం?

రీసెర్చ్ అనగానే ల్యాబ్ అనుకుంటారు మీరంతా. ముంబై టాటా మెమోరియల్‌లో డాక్టర్ అనిల్ డిక్రూజ్ బృందం పట్టుకున్నది ఓపీలో రోజూ ఎదురయ్యే ప్రశ్ననే: నోట్లో క్యాన్సర్ పుండు చిన్నదే, మెడలో గడ్డ చేతికి తగలట్లేదు, క్యాన్సర్ పాకే మెడలోని లింఫ్ గ్రంథులు ఇప్పుడే తీసెయ్యాలా, గడ్డ కనిపించాక తీస్తే సరిపోతుందా? 2015లో ఫలితం వచ్చింది. మూడేళ్లకు బతికున్నవాళ్లు గ్రంథులు ముందే తీయించుకున్నవాళ్లలో 80 శాతం, ఆగినవాళ్లలో 67.5 శాతం. పేషెంట్లను ఏళ్ల తరబడి వదలకుండా ఫాలో అప్ చేస్తేనే ఇలాంటి లెక్క తేలుతుంది, అందుకే ఫోన్ నంబర్లు రెండు మూడు రాసుకో, మనవాళ్లు సిమ్‌లు ఊరికే మార్చేస్తారు.

ఇంకోటి, ఆ మెడ ఆపరేషన్‌లో భుజాన్ని లేపే స్పైనల్ యాక్సెసరీ నరం దెబ్బతింటే భుజం జారిపోతుంది. ఏనుమాముల మార్కెట్లో మిర్చి బస్తాలు మోసే హమాలీకి అట్లా అయితే క్యాన్సర్ పోయినా కూలి పోతుంది. ఫాలో అప్‌కు వచ్చినప్పుడు చెయ్యి ఎంత పైకి లేస్తుందో అది కూడా రాయి, ఎవరూ రాయరు.

వచ్చే నెల హనుమకొండ వస్తున్నా. నువ్వు రాసిన కేస్ షీట్ ఒకటి, పేషెంట్ పేరు కనిపించకుండా తీసుకురా, కూర్చుని చూద్దాం.

మీ మామయ్య