పక్క క్యాంపస్‌లో తెరుచుకునే జర్నల్ మనకెందుకు తెరుచుకోదు?

ప్రశ్న: హసన్‌పర్తి దగ్గర ఒక ప్రైవేట్ ఇంజినీరింగ్ కాలేజీలో పాఠాలు చెప్తూ, కాకతీయ యూనివర్సిటీలో పార్ట్ టైమ్ పీహెచ్‌డీ చేస్తున్నాను. కావాల్సిన పేపర్ మీద నొక్కగానే డాలర్లు కట్టమంటుంది. మా లైబ్రేరియన్ సార్‌ని అడిగితే ఆ జర్నల్ మనకు లేదమ్మా అంటారు. ఎన్ఐటీలో చదివే నా ఫ్రెండ్ అదే పేపర్ రెండు నిమిషాల్లో డౌన్‌లోడ్ చేసుకుంటుంది. దేశం మొత్తానికి ఒకే సబ్‌స్క్రిప్షన్ వచ్చిందని చదివాను, మరి అది మాకెందుకు లేదు? గైడ్ సార్ లిటరేచర్ రివ్యూ చాప్టర్ అడుగుతున్నారు, చాలా టెన్షన్‌గా ఉంది.
– ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: ముందు నీ పని జరిగే దారి చెప్తానమ్మా, కారణాలు తర్వాత. నీ ఉద్యోగం ప్రైవేట్ కాలేజీలోనే అయినా, పరిశోధక విద్యార్థిగా నీ పేరు యూనివర్సిటీ రికార్డులో ఉంది. జర్నళ్ల లైసెన్సుల్లో మామూలుగా సంస్థలో పేరు నమోదైన విద్యార్థులందరినీ లెక్కలోకి తీసుకుంటారు, పార్ట్ టైమ్ అని పక్కన పెట్టరు. కాబట్టి నీ అడ్మిషన్ ఆర్డర్, ఐడీ కార్డు పట్టుకుని యూనివర్సిటీ లైబ్రరీకి వెళ్లి, ఇంటి నుంచి కూడా చదువుకునేలా లాగిన్ అడుగు. క్యాంపస్ నెట్‌వర్క్ మీద ఉంటే కంప్యూటర్ చిరునామాను బట్టే జర్నల్ తెరుచుకుంటుంది. బయట ఉన్నవాళ్ల కోసం ఇన్‌ఫెడ్ అనే లాగిన్ ఏర్పాటు ఉంది, అందులో నీ సంస్థ పేరు ఎంచుకుంటే నువ్వు అక్కడి విద్యార్థివని సంస్థే ధ్రువీకరిస్తుంది. పార్ట్ టైమ్ స్కాలర్లలో చాలామందికి ఈ హక్కు ఉన్నట్టే తెలియదు, లైబ్రరీ వాళ్లు కూడా అడిగితే తప్ప చెప్పరు. అది మారాలి. అడ్మిషన్ ఇచ్చిన రోజే లాగిన్ చేతిలో పెట్టాలి.

ఇక ఎన్ఐటీ సంగతి. ఒక పేపర్‌కు బదులు ఇంకో పేపర్ చదివితే సరిపోదు కదా, నీకు కావాల్సింది అదే. ఆ సంగతి పబ్లిషర్‌కు తెలుసు, అందుకే ఒంటరిగా వెళ్లిన లైబ్రరీకి బేరమాడే బలం ఉండదు. ధరలు ఏటికేడు పెరుగుతూ పోతే మన యూనివర్సిటీలు ఒక్కో జర్నల్ ఆపేసుకుంటూ వచ్చాయి, బైండు చేసిన వాల్యూములు ఏదో ఒక సంవత్సరం దగ్గర ఆగిపోయిన ర్యాకులు పాత లైబ్రరీల్లో ఇప్పటికీ కనపడతాయి. ఎలక్ట్రానిక్ జర్నళ్లు వచ్చాక లెక్క మారింది. అచ్చు జర్నల్ ఇంకో కాలేజీకి ఇవ్వాలంటే ఇంకో కాపీ ముద్రించి పోస్టులో పంపాలి, ఎలక్ట్రానిక్ అయితే ఇంకో వంద కాలేజీలకు తెరిచినా పబ్లిషర్‌కు అయ్యే అదనపు ఖర్చు దాదాపు ఏమీ ఉండదు, పైగా ఆ వంద కాలేజీల్లో చాలావరకు విడిగా ఎప్పటికీ కొనగలిగేవి కావు. కాబట్టి అందరూ కలిసి ఒక మొత్తం ఇస్తామంటే వాళ్లకూ లాభమే. లైబ్రరీలు కన్సార్టియంలుగా, అంటే కలిసి కొనే గుంపులుగా, కూడటానికి అసలు కారణం ఇది.

మన దేశంలో ఇది 2003 ప్రాంతంలో ఊపందుకుంది. ఐఐటీ ఢిల్లీ కేంద్రంగా ఇండెస్ట్ కన్సార్టియం ఐఐటీలకు, ఎన్ఐటీలకు కలిపి జర్నళ్లు కొనడం మొదలుపెట్టింది. అంతకు ముందు ఏడాదే రీజనల్ ఇంజినీరింగ్ కాలేజీ (ఆర్ఈసీ) నుంచి ఎన్ఐటీగా మారిన మన వరంగల్ కాలేజీకి ఆ సౌకర్యం అలా వచ్చింది. యూనివర్సిటీల కోసం యూజీసీ కింద పనిచేసే లైబ్రరీ నెట్‌వర్క్ కేంద్రం, గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్, యూజీసీ ఇన్ఫోనెట్ అనే కన్సార్టియం నడిపింది, డిగ్రీ కాలేజీల కోసం 2010లో ఎన్-లిస్ట్ వచ్చింది. 2015 చివర్లో ఈ మూడింటినీ ఈ-శోధ్‌సింధు కింద కలిపారు. వ్యవసాయ యూనివర్సిటీలకు భారత వ్యవసాయ పరిశోధన మండలి (ఐసీఏఆర్) వారి సెరా, మెడికల్ లైబ్రరీలకు ఎర్మెడ్ విడిగా వచ్చాయి. ఇంజినీరింగ్, డాక్టరీ, వ్యవసాయం, మామూలు డిగ్రీలు అన్నీ ఉన్న వరంగల్ లాంటి ఊళ్లో దీనివల్ల ఏమైందంటే, ఒకే రోడ్డు మీద వెళ్తూ దాటే క్యాంపస్‌లు ఒక్కోటి ఒక్కో గుంపులో చేరాయి, ఒకచోట తెరుచుకునేది ఇంకోచోట తెరుచుకోని పరిస్థితి వచ్చింది.

నువ్వు చదివిన వార్త వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ గురించి. 2024 నవంబర్ 25న కేంద్ర కేబినెట్ దీన్ని ఆమోదించింది. 2025 నుంచి మూడేళ్లకు 6,000 కోట్ల రూపాయలు, 30 పబ్లిషర్లు, దాదాపు 13,000 జర్నళ్లు, 6,300కు పైగా సంస్థలు. నడిపేది ఇన్‌ఫ్లిబ్‌నెట్టే. ఎల్సెవియర్, స్ప్రింగర్ నేచర్, వైలీ, ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్ అన్నీ ఇందులో ఉన్నాయి. కానీ ఇది కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాల ఆధ్వర్యంలో నడిచే విద్యాసంస్థలకు, కేంద్ర ప్రభుత్వ పరిశోధన సంస్థలకు మాత్రమే. అందుకే మీ యూనివర్సిటీకి వర్తిస్తుంది, మీ కాలేజీకి వర్తించదు. ప్రభుత్వ డిగ్రీ కాలేజీలకు ఇది నిజంగా పెద్ద వరం, నేను మనస్ఫూర్తిగా ఆహ్వానిస్తున్నాను. కానీ వరంగల్, కరీంనగర్ వైపు ఇంజినీరింగ్, ఫార్మసీ పిల్లల్లో ఎక్కువమంది చదివేది ప్రైవేట్ కాలేజీల్లోనే, వాళ్లలో ఫీజు రీయింబర్స్‌మెంట్ మీద చదివే పేదింటి పిల్లలు ఎంతోమంది. కాలేజీ యాజమాన్యం ప్రైవేట్ అయినంత మాత్రాన ఆ పిల్లలు దేశంలో భాగం కాకుండా పోతారా? వాళ్లను బయట ఉంచడం నాకు సరిగ్గా అనిపించదు.

ప్రశ్న: జగిత్యాల జిల్లాలో ప్రైవేట్ డిగ్రీ కాలేజీ లైబ్రేరియన్‌ని. ఎయిడ్ లేదు, బడ్జెట్ అంతంతే. మేము ఏం చేయొచ్చు సార్?
– ఒక పాఠకుడు

జవాబు: మొదట ఎన్-లిస్ట్ చూడండి సార్. ప్రభుత్వ, ఎయిడెడ్ కాలేజీలకు ఏటా కట్టేది చాలా తక్కువ. ఎయిడ్ లేని డిగ్రీ కాలేజీలకు ఫీజు ఎక్కువే అయినా తలుపు మూసిలేదు, 6,000కు పైగా జర్నళ్లు, లక్షకు మించి ఈ-పుస్తకాలు వస్తాయి. ఇంజినీరింగ్, ఫార్మసీ, మెడికల్ కాలేజీలకు ఇందులో చోటు లేదు, వాళ్లకు డెల్‌నెట్ ఒక దారి. 1988లో ఢిల్లీ లైబ్రరీలతో మొదలైన నెట్‌వర్క్ అది, తమ దగ్గర లేని పుస్తకాలను, వ్యాసాలను సభ్య లైబ్రరీలు ఒకదాని నుంచి ఒకటి తెప్పించుకోవచ్చు.

ఇంకో మాట కూడా అనాలి, ఇది మీ ఒక్కరికే కాదు, మన వైపు ప్రైవేట్ కాలేజీలన్నిటికీ. తనిఖీ బృందం వస్తుందంటే హడావిడిగా ఎవరికి వాళ్లు ఒకే రకం ప్యాకేజీ కొంటారు, బృందం వెళ్లాక దాన్ని తెరిచే నాథుడు ఉండడు. అదే డబ్బుతో జిల్లాలో నాలుగైదు కాలేజీల లైబ్రేరియన్లు కూర్చుని, ఎవరు ఏది తీసుకోవాలో పంచుకుని, పబ్లిషర్ దగ్గరికి కలిసి వెళ్తే ధరా తగ్గుతుంది, వైవిధ్యమూ పెరుగుతుంది. ఇంటర్ లైబ్రరీ లోన్‌కు, అంటే ఒక లైబ్రరీ తన వ్యాసాన్ని ఇంకో లైబ్రరీకి ఇవ్వడానికి, ఒప్పుకోవాలనే షరతు ఒప్పందంలో రాయించుకోండి, అది లేకపోతే పంచుకోవడం కుదరదు. సబ్‌స్క్రిప్షన్ ఆగిపోయినా డబ్బు కట్టిన సంవత్సరాల సంచికలు తెరుచుకోవాలనేది రెండో షరతు. అచ్చు జర్నల్ ర్యాకులో మిగిలేది, ఎలక్ట్రానిక్ జర్నల్ మిగలదు. కాబట్టి సంతకం ముందే అడగాలి. ప్రిన్సిపాల్ దగ్గరికి వెళ్లేటప్పుడు గత ఏడాది ఏ జర్నల్ ఎన్నిసార్లు వాడారో ఆ లెక్క పట్టుకెళ్లండి, పబ్లిషర్లు ఇస్తారు. వాడకం చూపించనిదే వచ్చే ఏడు డబ్బు అడగడం కష్టం.

ప్రశ్న: మా దోస్తు తన క్యాంపస్ లాగిన్ ఇస్తానంటున్నాడు. వాడుకోవచ్చా అన్నా?
– ఎంఎస్సీ విద్యార్థి, కాజీపేట

జవాబు: వద్దు తమ్ముడూ. అతని లాగిన్ పోవడమే కాదు, ఒకేసారి వందల పేపర్లు దించితే పబ్లిషర్ ఆ క్యాంపస్ మొత్తానికి యాక్సెస్ ఆపేయొచ్చు, పరీక్షల ముందు అందరూ ఇబ్బంది పడతారు. ఒకటి రెండు పేపర్లే అయితే రాసినవాళ్లకు మెయిల్ పెట్టు, చాలామంది సంతోషంగా పంపుతారు. అన్‌పేవాల్ అనే ఉచిత టూల్ బ్రౌజర్‌లో పెట్టుకుంటే ఆ పేపర్ ఇంకెక్కడైనా ఉచితంగా, చట్టబద్ధంగా ఉందేమో చూపిస్తుంది. ఫిజిక్స్, గణితం అయితే ఆర్కైవ్ (arXiv) అనే సైట్‌లో, వైద్యం, బయాలజీ అయితే పబ్‌మెడ్ సెంట్రల్‌లో ముందు వెతుకు.

ప్రశ్న: ములుగు జిల్లాలో రిటైర్డ్ టీచర్‌ని. రామప్ప మీద, మా ఊరి చెరువుల మీద రాసుకుంటున్నాను. ఏ కాలేజీలోనూ లేని నాలాంటి వాళ్లకు ఏదైనా దారి ఉందా?
– ఒక పాఠకుడు

జవాబు: ఉంది సార్. ఇన్‌ఫ్లిబ్‌నెట్ వారి శోధ్‌గంగలో దేశంలోని యూనివర్సిటీల పీహెచ్‌డీ థీసిస్‌లు ఉచితంగా ఉన్నాయి, లాగిన్ అక్కర్లేదు. కాకతీయులు, చెరువులు, శాసనాలు అని తెలుగులోనూ ఇంగ్లిష్‌లోనూ వెతకండి. జర్నళ్ల విషయానికొస్తే, లైబ్రరీకి స్వయంగా వచ్చి అక్కడే కూర్చుని చదివేవాళ్లను అనుమతించే లైసెన్సులు చాలానే ఉంటాయి. మీకు దగ్గర్లోని యూనివర్సిటీ లైబ్రేరియన్‌కు ఒక ఉత్తరం రాసి, మీ పని ఏమిటో చెప్పి, బయటి పాఠకుడిగా చదువుకునే వీలుందా అని అడగండి. కుదరదంటే ఏ నియమం ప్రకారమో రాతపూర్వకంగా చెప్పమనండి, ఆ జవాబు నాకు కూడా పంపండి, ఈ కాలమ్‌లోనే మళ్లీ మాట్లాడుకుందాం.