ఊపిరి తగిలేంత దూరంలో

మిత్రమా,

నమస్కారం. ప్రకృతి సున్నితత్వాన్ని వస్తువుగా తీసుకుని ఒక నైరూప్య చిత్రకారిణి (గుర్తుపట్టే ఆకారాలు లేకుండా రంగులూ గీతలతోనే బొమ్మ వేసే ఆమె) ఏర్పాటు చేసిన ప్రదర్శన గురించి మీరు రాసి పంపిన సమీక్ష రెండుసార్లు చదివాను. ఆరు పేజీల్లో "సున్నితత్వం" అన్న మాట పద్నాలుగుసార్లు వచ్చింది. మొదటిసారి చదివినప్పుడు విసుగుతో పక్కన పెట్టేశాను. రెండోసారి చదివినప్పుడు, నాలుగో పేజీలో బ్రాకెట్ల మధ్య మీరు దాచిపెట్టిన ఒక వాక్యం కంటపడింది. "ఆ బూడిదరంగు చిత్రం దగ్గరికి వెళ్ళినప్పుడు, నా ఊపిరి తగిలి రంగు రాలిపోతుందేమోనని ఒక అడుగు వెనక్కి వేశాను" అని రాసి, ఇది నా వ్యక్తిగతమైన అనుభూతి మాత్రమేనంటూ క్షమాపణ కూడా చెప్పుకున్నారు. ఈ ఉత్తరం రాయిస్తున్నది ఆ వాక్యమే. మీ ఆరు పేజీల్లో సమీక్ష అనదగినది అదొక్కటే.

వెనక్కి అడుగు వేశారు, బాగుంది. ఆ అడుగు మీ చేత వేయించినదేమిటో ఎందుకు రాయలేదు? రంగు మరీ పల్చగా ఉండి కాన్వాసు నేత కనిపించిందా? మెరుపు లేని పూత కావడం వల్ల బూడిద చల్లినట్టు అనిపించిందా? అంచుల దాకా రాకముందే రంగు ఆగిపోయి ఉత్త గుడ్డ మిగిలిందా? మీరు నిలబడిన చోట నేను లేను కనుక ఇవన్నీ మీరే చెప్పాలి. దానికి బదులు కరిగిపోతున్న మంచు గురించీ, నరికివేతకు గురైన అడవుల గురించీ రెండు పేజీలు రాశారు. అవి నిజాలే, బాధాకరమైనవే. కానీ వాటిని తెలుసుకోవడానికి నేను చిత్రప్రదర్శన సమీక్ష చదవనవసరం లేదు. గోడ మీద అంటించిన చిత్రకారిణి ప్రకటనను మీ మాటల్లో తిరగరాసిన పేజీ కూడా అంతే. ఆమె ఏమనుకుని వేశారో ఆ కాగితం చెబుతుంది. ఏమి వేశారో మీరు చెప్పాలి.

నలభై ఏళ్ళుగా నేను పట్టుకుని వేలాడుతున్న నమ్మకం ఒకటుంది: నైరూప్య చిత్రం గురించి నైరూప్యమైన మాటలతో రాయకూడదు. చెట్టు బొమ్మ గురించి రాసేటప్పుడు చెట్టు అంటే చాలు, పాఠకుడికి సగం తెలిసిపోతుంది. ఇక్కడ ఆ ఆసరా లేదు కాబట్టే గీత ఎక్కడ మొదలైందో, పొర మీద పొర ఎలా పడిందో చెప్పక తప్పదు. డచ్ చిత్రకారుడు మోండ్రియాన్ 1911లో వేసిన బూడిదరంగు చెట్టులో మాను ఇంకా గుర్తుపట్టగలం. మరుసటి ఏడాది వేసిన పూసిన ఆపిల్ చెట్టులో దాదాపుగా కొమ్మల వంపులే మిగిలాయి. "ప్రకృతి సారాన్ని గ్రహించాడు" అని రాసేస్తే ఈ రెండింటి మధ్య జరిగినదంతా పాఠకుడికి అందకుండా పోతుంది.

అమెరికన్ చిత్రకారిణి ఆగ్నెస్ మార్టిన్‌నే చూడండి. 1964 నాటి "చెట్టు" అనే ఆమె చిత్రం ఆరడుగుల చదరం. అందులో ఆకూ లేదు, కొమ్మా లేదు, పెన్సిల్‌తో గీసిన సన్నని గళ్ళు మాత్రమే ఉన్నాయి. అటువంటి చిత్రాన్ని దగ్గరగా చూస్తే, పెన్సిల్ మొన కాన్వాసు పోగుల మీదుగా సాగుతూ ఎత్తు తగిలిన చోట ముదిరి, పల్లం వచ్చిన చోట తేలిపోవడం కనిపిస్తుంది. నాలుగడుగులు వెనక్కి వస్తే గీతలన్నీ పొగమంచులా కలిసిపోతాయి. సున్నితత్వం అన్న మాట వాడకుండానే దాన్ని చూపించవచ్చని నేను నేర్చుకున్నది ఆ గీతల దగ్గరే.

మీరు పూర్తిగా వదిలేసిన విషయం ఇంకొకటుంది, నన్ను ఎక్కువగా బాధించింది అదే. ప్రకృతి ఎంత సున్నితమైనదో చెప్పే రంగు తానూ అంత సున్నితమైనదే. అమెరికన్ చిత్రకారుడు మార్క్ రోత్కో 1960లలో హార్వర్డ్ విశ్వవిద్యాలయంలోని ఒక భోజనశాల కోసం పెద్ద చిత్రాలు వేశాడు. వాటిలో వాడిన లిథాల్ రెడ్ అనే ఎరుపు వెలుతురుకు తాళలేనిది. కిటికీల్లోంచి పడే ఎండకు ఏడాదికేడాది వెలిసిపోయింది. 1979కల్లా ఆ చిత్రాలను తీసి భద్రపరచవలసి వచ్చింది. 2014లో వాటిని మళ్ళీ ప్రదర్శించినప్పుడు, వాటి మీద కొత్త రంగు పూయకుండా, పోయిన రంగును లెక్కగట్టి ప్రొజెక్టర్ వెలుగుతో నింపారు. ఆ వెలుగు ఆపితే వెలిసిన గుడ్డే మిగులుతుంది. ఆకును ఎండబెట్టే ఎండే ఆకుపచ్చ రంగునూ తినేస్తుందన్న సంగతి మీ చిత్రకారిణికి తెలియకుండా ఉండదు. ఆమె ఏ రంగులు ఎంచుకున్నారో, దీపాలు ఎంత మసకగా పెట్టించారో మీరు గమనించారా?

ఇలా రాస్తే పత్రికలు వేసుకోవని మీరు భయపడుతూ ఉండవచ్చు. ఆ భయం నాకు తెలుసు. ఒక సంపాదకుడు నా వ్యాసంలో రంగు పూసిన తీరు గురించిన రెండు పేరాలు కొట్టేసి, "పాఠకుడికి సందేశం కావాలి గానీ కుంచె ఎటు తిప్పారో ఎందుకు" అని అంచున రాసి పంపాడు. అచ్చయిన వ్యాసంలో నేను రాయని "ప్రకృతి ఘోష" అన్న మాట కూడా చేరింది. ఆ గాయం ఇప్పటికీ మానలేదు. ఆ తర్వాత వచ్చిన వరవడి మరీ అన్యాయం: ప్రతి చిత్రమూ "ప్రశ్నిస్తుంది", ప్రతి గీతా "సంభాషిస్తుంది", ఏ రంగు ఎక్కడుందో మాత్రం ఎవరూ చెప్పరు. మీరూ ఆ భాషే మూడుచోట్ల ఎత్తి రాశారు.

నేను చేసిన తప్పు కూడా చెప్పాలి. రాయడం మొదలుపెట్టిన రోజుల్లో ప్రదర్శనకు వెళ్ళే తీరిక లేక, కేటలాగులోని ఫొటోలు చూసి సమీక్ష రాశాను. అందులో ఒక చిత్రాన్ని "మనిషిని మింగేసే మహారణ్యం" అని వర్ణించాను. వ్యాసం అచ్చయ్యాక వెళ్ళి చూస్తే ఆ చిత్రం తెరిచిన నోటుపుస్తకమంత ఉంది. చిత్రకారుడు నన్ను ఒక్క మాటా అనకుండా దాని ముందుకు తీసుకెళ్ళి నిలబెట్టి వెళ్ళిపోయాడు. సిగ్గుతో అక్కడే ఉండిపోయాను. మధ్యాహ్నం కిటికీ వెలుతురు పక్కకు జరిగేసరికి, అంతవరకూ ఉత్త గోధుమరంగు అనుకున్న చోట అడుగు నుంచి నీలం తేలింది. తడి ఆరకముందే పైపొరను గుడ్డతో తుడిచిన గుర్తులు అప్పుడు కనిపించాయి. ఆనాటి నుంచి ఒక్క చిత్రం ముందైనా గంటసేపు కూర్చోకుండా నేను ఏ ప్రదర్శన గురించీ రాయలేదు.

కాబట్టి మొదటి మూడు పేజీలూ తీసేయండి. బ్రాకెట్లు విప్పి, ఆ వాక్యంతో మొదలుపెట్టండి. ఇరవై చిత్రాల గురించీ చెప్పనవసరం లేదు. ప్రదర్శన ముగియడానికి ఇంకా వారం ఉందని రాశారు కదా, ఒక్క పెన్సిల్ తీసుకుని మళ్ళీ వెళ్ళండి. ఆ బూడిదరంగు చిత్రాన్ని ఎదుటి నుంచే కాకుండా పక్క నుంచి కూడా చూడండి, కాన్వాసు మడత దగ్గర అడుగుపొరల చుక్కలు మిగిలి ఉంటాయి. ఆ బూడిద కింద ఏ రంగు ఉందో నాకు రాయండి.

ఆశీస్సులతో,
మీ శ్రేయోభిలాషి