తుప్పు పట్టని పెద్ద మడత కత్తి దొరుకుతుందా?

పనిముట్ల మీద పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: సార్, నేను పడవల మీద పనిచేస్తాను. రోజంతా తాళ్ళు, ప్లాస్టిక్ పట్టీలు కోస్తూనే ఉంటాను. ఇప్పటికి రెండు మడత కత్తులు పోయాయి. రెండిటి మీదా స్టెయిన్‌లెస్ అని చెక్కి ఉంది. మొదటిదానికి నాలుగు నెలల్లో చుక్కలు చుక్కలుగా తుప్పు వచ్చింది. రెండోది పైకి బాగానే ఉంది, ఒకరోజు తెరుచుకోనని మొండికేసింది. నాది పెద్ద చెయ్యి, పైగా చేతి తొడుగులు వేసుకుంటాను. కనీసం 12 సెంటీమీటర్ల బ్లేడు ఉన్న మడత కత్తి, ఉప్పునీళ్ళకు తట్టుకునేది, ఒక్కటి కొనుక్కోవాలని కోరిక. వెతికితే తుప్పు పట్టనివన్నీ చిన్నవి, పెద్దవన్నీ మామూలు ఉక్కువి. నా కోరికే తప్పంటారా?

జవాబు: తప్పేం లేదండీ. పాతికేళ్ళు పడవ ఇంజన్లు విప్పి బిగించినవాణ్ణి, ఇదే కోరిక నాకూ ఉంది, ఇంకా తీరలేదు. కాకపోతే మీ ఉత్తరంలో నన్ను ఆపింది మొదటి కత్తి కాదు, రెండోది. పైకి బాగానే ఉంది, తెరుచుకోలేదు అన్నారు చూడండి, అసలు సంగతి అక్కడుంది.

నా దగ్గర ఒక మడత కత్తి ఉండేది, పిడి వీపు మీద నొక్కితే లాక్ వదిలే రకం. ఆరేడేళ్ళు నా జేబులోనే తిరిగింది. బ్లేడు అద్దంలా ఉండేది, ఒక్క మచ్చ లేదు. ఒకరోజు తడి తాడు కోస్తుంటే లాక్ పట్టు వదిలేసి బ్లేడు నా చూపుడువేలి మీదికి మూసుకుంది. గోరు పక్కన ఆ గాటు ఇప్పటికీ ఉంది. వేలికి కట్టు కట్టుకున్నాక, కోపం కొద్దీ దాన్ని విప్పడానికి కూర్చున్నాను. మొదటి స్క్రూ కదల్లేదు. తల మీది నక్షత్రం గుంట నిండా ఎర్రపొడి. చివరికి డ్రిల్లు పెట్టి తీశాను. పిడి పలక ఎత్తితే లోపల కుంకుమ చల్లినట్టుంది. స్ప్రింగు పొరలు పొరలుగా లేచిపోయింది. లాక్ పన్ను దిగాల్సిన గాడిలో తుప్పు పేరుకుని, పన్ను సగమే దిగుతోంది. బ్లేడు తిరిగే ఇరుసు చుట్టూ వేసిన గ్రీజు గట్టిపడి గోధుమరంగు మైనంలా అయింది. పైన పటారం, లోన లొటారం అంటారే, అచ్చం అదే.

కత్తి కొనేటప్పుడు అందరం బ్లేడు ఉక్కు పేరే అడుగుతాం. పెట్టె మీద రాసి ఉండేది అదొక్కటే మరి. స్ప్రింగు ఏ ఉక్కు, స్క్రూలు ఏ ఉక్కు అని అడిగి చూడండి, అమ్మేవాడు మనల్ని ఎగాదిగా చూస్తాడు.

సరే, మీ మొదటి కత్తి సంగతి కూడా చూద్దాం. ఉక్కులో క్రోమియం సుమారు పదిన్నర శాతం దాటితే, గాలి తగలగానే పైన క్రోమియం ఆక్సైడ్ పొర కట్టుకుంటుంది. దాని మందం కొన్ని నానోమీటర్లే. గీత పడినా తనంతట తానే పూడుకుంటుంది. ఉప్పులోని క్లోరైడ్ మాత్రం ఈ పొరకు అక్కడక్కడా చిల్లు పెట్టి, అక్కణ్ణించి లోపలికి తొలుచుకుపోతుంది. మీరు చూసిన చుక్కలు అవే. పైకి ఆవగింజంత ఉంటుంది, లోపల ఎంత లోతుందో కంటికి తెలియదు.

మరి స్టెయిన్‌లెస్ అని చెక్కింది అబద్ధమా? సగం నిజం. పదును నిలవాలంటే కార్బన్ కావాలి. ఆ కార్బన్ ఊరుకోదు, క్రోమియాన్ని పట్టుకుని కార్బైడ్ అనే గట్టి రేణువులుగా మారుతుంది. అలా చిక్కుకుపోయిన క్రోమియం పైన పొర కట్టడానికి రాదు. డి2 అనే ఉక్కునే తీసుకోండి. క్రోమియం 12 శాతం దాకా ఉంటుంది, కార్బన్ ఒకటిన్నర శాతం. లెక్క ప్రకారం స్టెయిన్‌లెస్ కావాలి, తీరా చూస్తే చేతి చెమటకే మచ్చలు పడుతుంది. 2021లో వచ్చిన మాగ్నాకట్ అనే ఉక్కులో క్రోమియం అంతకంటే తక్కువ, 10.7 శాతమే. దాన్ని రూపొందించిన లోహశాస్త్రవేత్త లారిన్ థామస్, కార్బన్ వెళ్ళి వనేడియం, నియోబియం అనే లోహాలతో కలిసేటట్టు పాళ్ళు కుదిర్చాడు. క్రోమియం రేణువుల్లో ఇరుక్కోకుండా ఉక్కులోనే కరిగి ఉండిపోయింది. అందుకే ఉప్పునీళ్ళకు డి2 కంటే ఎంతో బాగా ఓరుస్తుంది. క్రోమియం శాతం ఒక్కటే చూసి కత్తి కొనేవాళ్ళకు నేను చెప్పే ఉదాహరణ ఇదే.

ఇంకో దారి ఉంది. కార్బన్ తగ్గించేసి గట్టిదనాన్ని నైట్రోజన్‌తో తెచ్చుకోవడం. ఎల్‌సీ200ఎన్‌లో కార్బన్ 0.3 శాతం, నైట్రోజన్ 0.4, క్రోమియం 15. బేరింగుల కోసం పుట్టిన ఉక్కు ఇది, తర్వాత కత్తుల్లోకి వచ్చింది. కరిగిన ఉక్కులో అంత నైట్రోజన్ మామూలుగా నిలవదు, మూత తీసిన సోడాలో గ్యాసులా పోతుంది. అందుకని ఒత్తిడి పెట్టి కరిగిస్తారు. ధర ఎక్కడ పెరుగుతుందో మీకు అర్థమయ్యే ఉంటుంది. ఇక హెచ్1 అని ఒకటుంది, కార్బన్ 0.15 శాతానికి మించదు. దానికి తుప్పు పట్టించాలంటే మనమే కష్టపడాలి. నున్నటి అంచు మాత్రం తొందరగా మొద్దుబారుతుంది. రంపపు పళ్ళ అంచు అయితే తాళ్ళ మీద చాలాకాలం నడుస్తుంది.

తుప్పుకీ పదునుకీ ఈ పేచీ ఇవాళ్టిది కాదు లెండి. 1913లో ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్‌లో హ్యారీ బ్రేర్లీ అనే లోహశాస్త్రవేత్త తుప్పు పట్టని ఉక్కు చేసి చూపిస్తే, తెగని కత్తులు కనిపెట్టాడని అక్కడి కత్తులవాళ్ళు వెక్కిరించారట.

పెద్దవి ఎందుకు దొరకవంటే, ఖరీదైన ఉక్కు ఎక్కువ పడుతుందన్నది ఒక కారణం. అసలు చిక్కు ఇరుసు దగ్గర. బ్లేడును ఆపే పిన్నుకీ ఇరుసుకీ మధ్య 6 మిల్లీమీటర్లు ఉందనుకోండి. వాడగా వాడగా అక్కడ 0.1 మిల్లీమీటరు, అంటే వెంట్రుక మందం సందు వచ్చింది. 12 సెంటీమీటర్ల బ్లేడుకు మొన దగ్గర అది 2 మిల్లీమీటర్ల ఊగులాట అవుతుంది. 7 సెంటీమీటర్ల బ్లేడుకు 1.2 లోపే. కత్తి పెద్దదయ్యేకొద్దీ ఇరుసు, లాక్, పిన్ను అన్నీ లావు కావాలి. ఆ లావు కోసం పిడి లోపల రెండువైపులా ఉక్కు రేకులు వేస్తారు. ఆ రేకులు ఏ ఉక్కువో ఎవరూ చెప్పరు. తుప్పు పట్టని చిన్న కత్తులు చాలావాటిలో అసలు రేకులే ఉండవు, గాజు పీచు కలిపిన నైలాన్ పిడి ఒక్కటే. తేలిక, తుప్పు పట్టే సామాను తక్కువ. చిన్నవాటికి కలిసొచ్చిన ఆ సౌకర్యమే పెద్దవాటికి పోతుంది.

పెద్ద స్టెయిన్‌లెస్ మడత కత్తులే లేవా అంటే ఉన్నాయి. ఫ్రాన్స్‌లో చేసే ఒపినెల్ 13వ నంబరు బ్లేడు ఏకంగా 22 సెంటీమీటర్లు. పిడి మాత్రం చెక్క. చెక్క నీళ్ళు తాగితే ఉబ్బి బ్లేడును బిగబట్టేస్తుంది. మీ పనికి పనికిరాదు.

నా నోట్‌బుక్కులో ఒక బొమ్మ ఉంది, ఎప్పుడో పని లేని వానాకాలంలో గీసుకున్నది. 12 సెంటీమీటర్ల బ్లేడు, ఎల్‌సీ200ఎన్. పిడి రెండు పలకలూ టైటానియం. అందులో ఒక పలకనే చీల్చి లాక్‌గా వంచితే వేరే స్ప్రింగుతో పని లేదు. టైటానియం సముద్రంలో ఏళ్ళ తరబడి ఉన్నా దానికేం కాదు. ఇరుసు దగ్గర కంచు వాషర్లు. ఉక్కు బాల్ బేరింగులున్న కత్తి సరదాగా తెరుచుకుంటుంది, నిజమే, తిప్పుతుంటే వదలబుద్ధి కాదు, కానీ ఉప్పునీళ్ళలో ముందు పోయేది ఆ బాల్సే. స్క్రూలు కూడా టైటానియంవే. ఇది ముఖ్యం. టైటానియాన్ని ఆనుకుని మామూలు ఉక్కు స్క్రూ ఉందంటే, ఉప్పునీళ్ళు తగిలినప్పుడు రెండు లోహాల మధ్య కరెంటు నడిచి స్క్రూను మామూలుకంటే తొందరగా తినేస్తుంది. టైటానియం లాక్ చివర అరగకుండా చిన్న ఉక్కు ముక్క బిగిస్తారు, అది కూడా స్టెయిన్‌లెస్ అవునో కాదో అడగండి. మూస్తే 15 సెంటీమీటర్లు, తెరిస్తే 27. జేబులో పెట్టుకుని కూర్చుంటే తొడకు గుచ్చుకుంటుంది, అది కూడా బొమ్మ పక్కన రాసుకున్నాను.

ఎవరైనా కత్తులు చేసే మనిషితో మీరు ఇలాంటిది చేయించుకుంటే ఒక్క ప్రశ్న తప్పకుండా వెయ్యండి: బ్లేడును కాల్చి నీళ్ళు పట్టాక, మళ్ళీ ఎంత వేడి దగ్గర మగ్గిస్తున్నారు? సుమారు 200 డిగ్రీలంటే సరే. 500 డిగ్రీల దగ్గర మగ్గిస్తే క్రోమియం మళ్ళీ రేణువులుగా విడిపోయి, మీరు డబ్బు పోసి కొన్న గుణమే తగ్గిపోతుంది. ప్రశ్న అర్థం కానట్టు చూస్తే ఆ మనిషికి పని ఇవ్వకండి.

ఈలోగా పని ఆగకూడదు కదా. 9 నుంచి 10 సెంటీమీటర్ల మడత కత్తి తీసుకోండి. హెచ్1 గానీ ఎల్‌సీ200ఎన్ గానీ, సగమైనా పళ్ళ అంచు, రేకులు లేని నైలాన్ పిడి, తాడు కట్టుకునే రంధ్రం. పడవ ఊగుతుంటుంది కనుక మొన మొద్దుగా ఉన్నదే మేలు. తొడుగు వేసిన చేతికి కావాల్సింది పిడి పొడుగు, బ్లేడు పొడుగు కాదు, కొనేముందు తొడుగు వేసుకునే పట్టి చూడండి. 12 సెంటీమీటర్లు తప్పదంటారా, మడత లేని కత్తి మొలకు కట్టుకోండి. అవ్వా కావాలి, బువ్వా కావాలి అన్నవాళ్ళలో నేనూ ఒకణ్ణి కాబట్టి ఈ సలహా మీకు నచ్చదని నాకు తెలుసు. ఒరకు అడుగున నీళ్ళు కారే చిల్లు మాత్రం ఉండాలి.

ప్రశ్న: నా మడత కత్తి మీద అక్కడక్కడా నారింజరంగు మచ్చలు వచ్చాయి. ఇనుప పీచుతో రుద్దితే పోయాయి, వారంలో మళ్ళీ వచ్చాయి. ఎందుకు?

జవాబు: ఆ పీచే మళ్ళీ తెచ్చింది. మామూలు ఇనుప పీచు నలుసులు బ్లేడు మీద అంటుకుని అవి తుప్పు పడతాయి. వంటసోడాలో నాలుగు చుక్కల నీళ్ళు కలిపి ముద్దలా చేసి, గుడ్డతో రుద్దండి. ఉప్పునీళ్ళు తగిలిన రోజు కత్తిని తెరిచి మంచినీళ్ళతో ఇరుసు దాకా కడిగి, తెరిచే ఆరబెట్టండి. తడి కత్తిని మూసి జేబులో వేసుకుంటే ఎంత ఖరీదైన ఉక్కైనా ఒకటే. ఆరాక ఇరుసు దగ్గర ఒక్క చుక్క నూనె చాలు. నలుగురు తినేవి కూడా ఆ కత్తితోనే కోస్తారనుకుంటే, తినే వస్తువులకు తగలొచ్చని రాసి ఉన్న మినరల్ ఆయిల్ వాడండి.

ప్రశ్న: నల్ల కోటింగ్ ఉన్న బ్లేడు కొంటే తుప్పు టెన్షన్ ఉండదని ఒకరన్నారు. నిజమేనా?

జవాబు: కోటింగ్ ఉన్నంత మేర నిజం. అంచు దగ్గర కోటింగ్ ఉండదు, నూరినప్పుడే పోతుంది. తెగాల్సింది ఆ అంచే కదా.

ప్రశ్న: స్టెయిన్‌లెస్ అని కొన్న మడత కత్తికి అయస్కాంతం అంటుకుంటోంది. స్టీలు గిన్నెకు అంటుకోలేదు. నన్ను మోసం చేశారా?

జవాబు: లేదండీ. స్టీలు గిన్నెల్లో చాలావాటి ఉక్కులో నికెల్ గానీ మాంగనీస్ గానీ కలుపుతారు, అయస్కాంతం అంటదు, కాల్చి నీళ్ళు పట్టినా గట్టిపడవు. కత్తుల స్టెయిన్‌లెస్ చాలావరకు గట్టిపడే జాతి, అంటుకుంటుంది. పైన చెప్పిన ఎల్‌సీ200ఎన్‌కు కూడా అంటుకుంటుంది. ఆ అయస్కాంతాన్ని దాచుకోండి, కత్తి విప్పినప్పుడు స్క్రూలు కింద పడితే వెతకడానికి పనికొస్తుంది. టైటానియం స్క్రూలైతే మాత్రం మోకాళ్ళ మీద కూర్చుని ఏరుకోవాల్సిందే.