కోదాడలో 2,016... జగ్గయ్యపేటలో 4,000!

ప్రశ్న: జగ్గయ్యపేటలో మా అమ్మకు వృద్ధాప్య పింఛను 4,000 రూపాయలు వస్తోంది. కోదాడలో మా అక్క అత్తగారికి 2,016. సరిహద్దు దాటితే ఇంత తేడా ఎందుకు? ఆంధ్రాలోనే పెద్దవాళ్లను బాగా చూస్తున్నారనుకోవచ్చా?
– ఒక పాఠకురాలు, జగ్గయ్యపేట

జవాబు: ఈ పింఛనులో కేంద్రం ఇచ్చేది 79 ఏళ్ల వరకు 200, 80 నిండితే 500. అదీ దారిద్ర్యరేఖకు దిగువనున్న వాళ్లకే, రాష్ట్రానికి ఇంతమందికని పరిమితి పెట్టి. ఆపైన ఎంత కలపాలన్నది రాష్ట్రం ఇష్టం. పని చేయలేనివారికి సాయం రాజ్యాంగంలో రాష్ట్ర జాబితాలోని అంశం మరి.

2014లో విడిపోయేదాకా రెండూళ్లలోనూ పింఛను 200లే. ఆ ఏడాదే రెండు రాష్ట్రాలూ 1,000 చేశాయి. తెలంగాణ 2019లో 2,016కు పెంచింది, 2025లోనూ అంతే ఇచ్చింది. ఆంధ్రాలో 2019 మొదట్లో 2,000 అయింది. ఆ తర్వాత 250 చొప్పున పెరుగుతూ 2024 జనవరికి 3,000, ఎన్నికలయ్యాక 4,000. తలసరి ఆదాయం ఎక్కువున్నది తెలంగాణకు. కాబట్టి ఈ తేడా ఖజానా వల్ల వచ్చింది కాదు, మేనిఫెస్టోల వల్ల వచ్చింది.

ఇక ఎవరు బాగా చూస్తున్నారంటే, ఒక్కొక్కరికి ఎంత ఇస్తున్నారన్నది ఒక్కటే చూసి తేల్చకండి. ఎంతమందికి అందుతోందో కూడా చూడాలి. వందమంది పెద్దవాళ్లలో 40 మందికి 4,000 ఇస్తే వందమందికీ పంచి చూస్తే తలకు 1,600 పడుతుంది. 2,016 చొప్పున 80 మందికి ఇస్తే 1,613. (ఇవి లెక్క అర్థం కావడానికి వేసుకున్న అంకెలే.)

ఈ లెక్క ఎక్కువగా తప్పేది వయసు దగ్గర. వృద్ధాప్య పింఛను ఆంధ్రాలో మామూలుగా 60 నిండితే, కొన్ని వర్గాలకు 50కే. తెలంగాణలో 57కే. పింఛనుదార్లలో 57 ఏళ్లవాళ్లను కలిపి, 60 దాటిన జనాభాతో భాగిస్తే తెలంగాణ శాతం ఉత్తపుణ్యానికి పెరుగుతుంది. రెండుచోట్లా 60 దాటినవాళ్లనే తీసుకోండి. వితంతువులు, దివ్యాంగులు, గీత కార్మికుల పింఛన్లు తీసేయండి. ఇంటికి ఒక్కరికే అన్న నిబంధన ఉన్నచోట భార్యాభర్తలిద్దరికీ అర్హతున్నా లెక్కలోకి వచ్చేది ఒక్కరే, అది గుర్తుంచుకోండి.

తర్వాత ధరలు. ఏళ్ల తరబడి పెరగని పింఛను అప్పటి ధరల్లో ఎంతకు సమానమో చూడాలంటే, ఇప్పుడిస్తున్న మొత్తాన్ని అప్పటి గ్రామీణ ధరల సూచీతో గుణించి ఇప్పటి సూచీతో భాగించండి. సూచీ 140 నుంచి 196కు పెరిగిందనుకుంటే, నేటి 2,016 అప్పటి 1,440తో సమానం. రెండు సూచీలకూ ఆధార సంవత్సరం (సూచీని 100 అనుకున్న ఏడాది) ఒకటే అయ్యుండాలి, లేకపోతే జవాబు చెత్త.

ప్రశ్న: బడ్జెట్లో కేటాయింపు చూసి పోల్చకూడదా?
– ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: కేటాయింపు మాట మాత్రమే. బడ్జెట్ పుస్తకంలో ‘వాస్తవ ఖర్చు’ గడి చూడండి, అది రెండేళ్ల వెనకటిది. 2025-26 పుస్తకంలో ఉండేది 2023-24 ఖర్చు. శాఖ పేరు పట్టుకుని వెతక్కండి. తెలంగాణలో ఆసరా (అక్కడి పింఛను పథకం) గ్రామీణాభివృద్ధి కింద ఉంటుంది. 2235 పద్దు (సామాజిక భద్రత, సంక్షేమం) పట్టుకోండి, అది అన్ని రాష్ట్రాలకూ ఒకటే.

నెలవారీ అంకెలతోనూ జాగ్రత్త. 2024 జూలైలో ఆంధ్రా ఒక్కొక్కరికి 7,000 ఇచ్చింది: 4,000 ఆ నెలది, 3,000 ఏప్రిల్ నుంచి జూన్ దాకా నెలకు 1,000 చొప్పున బకాయి. ఆ ఒక్క నెల పట్టుకుని 12తో గుణిస్తే ఏడాదికి తలకు 84,000 ఖర్చయినట్టు తేలుతుంది. అసలైతే 48,000.